పదకొండో గది ముక్కలు

ఇన్నేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఆయన పోయి ఆరేళ్లయింది, ఇక ఆ వీలూ లేదు. చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చినప్పుడల్లా పెదాలు కదిపాను గానీ ఈ ఒక్కటి మాత్రం లోపలే ఉండిపోయింది. మోసి మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మధ్యలో మిషిగన్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఇటలీలో ఒక నగరం నడిబొడ్డున, కార్ల పార్కింగ్ కోసం తవ్వుతుంటే రోమన్ల కాలం నాటి ఇల్లు బయటపడింది. గోడలు ఎప్పుడో కూలిపోయాయి. నేలమీద రాలిన గోడపూత ముక్కల్ని, పరిశీలించాక తిరిగి పంపే షరతు మీద, మా ప్రొఫెసర్ పెట్టెల్లో తెప్పించింది. వాటిని మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, ఏ గదిలో దొరికిందో ఆ నంబరు ప్రతి ముక్క వెనకా నల్ల ఇంకుతో వేయడం నా పని.

సునీత మా తెలుగు చర్చికి వచ్చే డాక్టరుగారి అమ్మాయి. మూడేళ్లప్పుడు ఇక్కడికి వచ్చింది. మెడిసిన్ చదవనని తండ్రితో ఏడాదంతా పోట్లాడి మా ప్రొఫెసర్ దగ్గరే ఈ తవ్వకాల చదువులో చేరింది. వేసవిలో ఇటలీ వెళ్లి, పైన బస్సులు తిరుగుతుంటే కింద గుంటలో మోకాళ్ల మీద కూర్చుని తవ్వింది. వంటగది వెనక ఇరుకు గది, పదకొండో నంబరుది, ఆమెకి అప్పగించారు. బానిసలు పడుకునే గది. అక్కడ పచ్చటి ఆకుల బొమ్మలున్న ముక్కలు దొరికాయని నోట్‌బుక్‌లో రాసుకుంది. బయటివాళ్లెవరూ చూడని ఆ గోడ మీద వాళ్లు తమ కోసమే ఆకులు గీసుకున్నారని ఆమె నమ్మకం. థీసిస్ అంతా దాని మీదే.

మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆ గది ట్రే, భోజనాల గది ట్రే ఒకేసారి ఎత్తాను. చేయి జారింది. ముక్కలన్నీ నేలమీద కలిసిపోయాయి. ఇంకా నంబర్లు వేయలేదు. చుట్టూ ఎవరూ లేరు. కూర్చుని ఏరాను. బొమ్మలున్నవి గొప్పవాళ్ల గదివే అయివుంటాయనుకున్నాను. ఏ బొమ్మా లేని తెల్లవి బానిసల గది ట్రేలో వేశాను. ఎందుకలా అనుకున్నాను? మా అమ్మమ్మ జీవితమంతా ఇంకొకళ్ల పొలాల్లో కూలి చేసింది, ఆమె గుడిసె గోడ మీద సున్నంతో పువ్వులు వేసుకునేది, అది చూస్తూ పెరిగిన నాకు, ఆ ముక్కలు చేతిలో పట్టుకుని కూడా, అది ఎందుకు తట్టలేదు?

ఇంకు ఆరాక ఎవరూ అనుమానించలేదు.

సునీత నోట్‌బుక్ ఒకటి చెబుతోంది, ముక్కలు ఇంకొకటి చెబుతున్నాయి. లేనిది ఊహించి రాసుకుందని ప్రొఫెసర్ అందరి ముందూ అంది. ఆ సాయంత్రం సునీత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, నా ట్రేస్ ఏమైనా మిక్స్ అయ్యాయా? నాకు చెప్పొచ్చు. కోపం రాదు."

"లేదమ్మా. వచ్చినవి వచ్చినట్టే నంబర్ వేశాను."

"ఓకే ఆంటీ. అయితే నేనే రాంగ్ రాసుంటాను."

నన్ను అనుమానించలేదు. నా మాట నమ్మి, తన కళ్లని అనుమానించింది.

అప్పుడు మా ఆయన్ని కార్ల ఫ్యాక్టరీలో లే ఆఫ్ చేశారు. మా గ్రీన్ కార్డ్ అర్జీ నా ఉద్యోగం మీదే నడుస్తోంది. అది కారణం అని చాలాకాలం చెప్పుకున్నాను. మరుసటి ఏడాది కార్డ్ వచ్చింది. మరి అప్పుడు? ఆ తర్వాత ఏడాది? కారణం పోయాక కూడా నోరు తెరవలేదంటే, అది కారణం కాదన్నమాట.

సునీత ఆ సెమెస్టర్‌తో మానేసింది. ఫార్మసీ చదివింది. ముక్కలు ఇటలీకి వెళ్లిపోయాయి. పదకొండో గదికి తెల్లగోడలని ఆ తవ్వకాల పుస్తకంలో అచ్చయింది.

పోయిన నెల చర్చిలో భోజనాలప్పుడు సునీత కూతురితో నవ్వుతూ అంటోంది: "నేను బేసిగ్గా కేర్‌లెస్. కాలేజ్‌లో తెలిసింది. అందుకే ఏదైనా మూడుసార్లు చెక్ చేస్తాను." ప్లేటు పక్కన పెట్టేశాను. నేను పాడుచేసింది ఒక థీసిస్‌నే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

ఆమెకి చెబుతానా? తెలియదు. చెబితే ఏమంటుందో ఊహించుకునే శక్తి కూడా లేదు. ముందు ఇక్కడైనా రాయనివ్వండి. రెండు ట్రేలూ పడేసింది నేను. తప్పు నంబర్లు వేసింది నేను. అడిగితే అబద్ధం చెప్పింది నేను. సునీత సరిగ్గానే చూసింది.