తూకంలో కొసరు

మా ఆయనది చిల్లర కొట్టు. గోదావరి పాయ గట్టు దిగగానే చేపలు పట్టే పల్లెకారుల పేట, పేట మొదట్లో మా ఇల్లు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. కందిపప్పు తూచినా, చింతపండు తూచినా, తూకం సరిపోయాక ఆయన ఇంకాస్త తీసి పైన వేసేవారు. ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందేనని మా మామగారు కేకలేస్తే, "కొసరు లేకపోతే అదేం బేరం నాన్నా" అనేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. కొట్టు తలుపులు మళ్లీ తీయలేదు, పెరటి గుమ్మంలోంచే వస్తూ పోతూ ఉంటాను. నాకు పిల్లలు లేరు. ఆడపడుచు రాజమండ్రిలో ఉంది గానీ, అంగన్‌వాడీలో పిల్లలకి నా చేత్తో కోడిగుడ్లు ఒలిచి పెడతానని తెలిశాక నా చేతి మంచినీళ్లు పుచ్చుకోవడానికి కూడా ఆలోచిస్తోంది. ఆలోచించుకోనీ, నాకేం.

అంగన్‌వాడీలో నేను టీచర్ని. పొద్దున తొమ్మిదింటి నుంచి పద్దెనిమిది మంది పిల్లలు నా చీర కుచ్చెళ్లు పట్టుకుని తిరుగుతారు. మధ్యాహ్నం అన్నాలయ్యి, నిద్రలు లేచి, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయాక, చాపలు చుట్టి తాళం వేసుకుంటాను. అక్కడితో నాకు ఆ రోజుకి మనుషులు అయిపోతారు. మిగతా పొద్దంతా టీవీ మాట్లాడుతుంది, నేను వింటాను. నా ఫోన్‌కి వచ్చేవి సూపర్‌వైజర్ గారి మెసేజీలూ, లోన్ కావాలా అని అడిగే కాల్సూను.

ఒక ఏడు ఎండాకాలంలో పేటలో ఒకావిడ కూతురు భర్తని వదిలేసి, మూడేళ్ల ఆడపిల్లని చంకనేసుకుని పుట్టింటికి వచ్చింది. వచ్చిన నెలకే కువైట్‌లో ఇంటి పనికి వీసా వచ్చింది. వెళ్లే ముందు రోజు పిల్లని నా దగ్గరికి తీసుకొచ్చింది. "అమ్మ పొద్దున్నే చేపల గంప ఎత్తుకుని పోద్దండి. దీన్ని మీ చేతుల్లో పెడుతున్నాను. ఫొటోలొద్దు, వీడియోలొద్దండి, మొహం చూస్తే నేను అక్కడ పని చెయ్యలేను. నెలనెలా బరువెంతో చెప్పండి చాలు" అంది. పిల్లని అప్పుడే బరువు చూసే మిషన్ ఎక్కించాం. పన్నెండు కిలోల రెండొందలు. ఆ అంకె ఆమె రెండుసార్లు పైకి అనుకుంది.

పిల్ల ఏడ్చేది కాదు, అల్లరి చేసేది కాదు. కంచం ముందు పెడితే మాత్రం నాకు ఒళ్లు మండేది. పప్పన్నాన్ని కంచమంతా పరిచి, మెతుకు మెతుకూ వేలితో పక్కకి జరుపుతూ కూర్చునేది. అందరూ తిని చేతులు కడుక్కునేసరికి ఆ అన్నం ఎండిపోయేది. "ఏంటా ఆటలు?" అని కసిరేదాన్ని. తల్లి మీద బెంగ అనుకున్నాను. ఆయా కూడా అదే అంది. అమ్మమ్మని అడిగితే, "మొండిదమ్మా. ఇంటికాడ బన్నూ పాలూ తప్ప ఏదీ ముట్టదు" అంది.

మొదటి నెల బరువు పన్నెండు కిలోలు. రెండొందలు తగ్గింది.

శుక్రవారం ఆ అమ్మాయికి సెలవు. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసింది. "ఎంత ఉందండీ?" అని, నన్ను హలో కూడా అననివ్వకుండా అడిగింది. పన్నెండు అనే అందామనుకున్నాను. నోట్లోంచి "పన్నెండున్నర" అని వచ్చింది. అవతల ఆమె నవ్వింది, వెంటనే ఏడ్చింది, మళ్లీ నవ్వింది. ఫోన్ పెట్టేశాక నాలో నేను సమర్థించుకున్నాను. అరకిలో కొసరేశాను, అంతేగా, వచ్చే నెలకి పిల్ల ఎలాగూ పెరుగుతుంది, అప్పుడు సరిపోతుందిలే అని.

వచ్చే నెలా పెరగలేదు. రిజిస్టరులో నిజమే రాశాను, సూపర్‌వైజర్ గారికీ నిజమే చెప్పాను. రెండో గుడ్డు పెట్టించాను, డాక్టరు గారికి చూపించాను. రోగమేమీ లేదన్నారు. తల్లికి మాత్రం నెలకింత చొప్పున కొసరు వేస్తూనే పోయాను. ఒకసారి ఆయా కళ్లు పెద్దవి చేసి, "ఆయ్, కోమట్ల తూకం అంటే ఇదేనాండీ?" అని వేళాకోళమాడింది. నవ్వేశాను. మా ఆయన వింటే నవ్వేవారు కాదు.

అసలు సంగతి ఇంకోటుంది. సిగ్గు విడిచి చెప్పాలి. ఆ అమ్మాయి ఫోన్లు నాకు అలవాటైపోయాయి. బరువు నెలకోసారే అయినా, ఫోన్ వారం వారం వచ్చేది. మేడం గారి పిల్లల గురించీ, అక్కడి ఎండల గురించీ చెప్పేది. పెట్టేసే ముందు, "తిన్నారాండీ?" అనేది. ఆ మాట నన్ను అడిగేవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. శుక్రవారం ఐదింటికే మొహం కడుక్కుని, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. నిజం చెబితే ఆ ఫోన్ ఆగిపోతుందని భయపడ్డాను. జాలితో మొదలుపెట్టిన అబద్ధాన్ని నా ఒంటరితనం కోసం మోశాను.

పది నెలలు గడిచాయి. మిషన్ మీద పన్నెండు కిలోల మూడొందలు, నా నోట్లో పద్నాలుగున్నర. ఆ శుక్రవారం ఆమె హుషారుగా ఉంది. "ఏడాదికి సెలవు మీద రావాలి కదండీ. మేడం గారు ఈసారికి ఆగమంటున్నారు. పిల్ల బాగా ఒళ్లు చేసిందిగా, మీరున్నారుగా. వచ్చే ఏడాది వస్తాలెండి. వచ్చే శుక్రవారానికల్లా సరేనని చెప్పేస్తాను" అంది.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. పిల్ల ఎదురుగా మెతుకులు ఏరుతూ కూర్చుంటే, దాని మణికట్టు వైపే చూస్తూ ఉండిపోయాను. నా బొటనవేలూ చూపుడువేలూ దాని చుట్టూ తిరిగి ఇంకా బోలెడు చోటు మిగిలింది.

శుక్రవారం ఫోన్ ఎత్తగానే చెప్పేశాను. ఏ నెల ఎంత ఉందో, నేనెంత చెప్పానో, రిజిస్టరు ముందు పెట్టుకుని మొత్తం చదివాను.   ఆమె తిట్టకుండా, ఒక్క మాట అడిగింది.

"మెతుకులు ఏరుతుందాండీ?"

"అవునమ్మా."

"రెండేళ్లప్పుడు దాని గొంతులో చేప ముల్లు గుచ్చుకుందండి. ఆస్పత్రిలో తీయించాం. అప్పట్నుంచి అన్నమంటే భయం. అమ్మేమో మొండితనం అనుకుంటది, వచ్చే హడావిడిలో నేనూ మీకు చెప్పలేదు. ఎదురుగా ముద్ద పిసికి, అరచెయ్యి చాపి, ముల్లు లేదమ్మా అని చూపిస్తేనే నోరు తెరుస్తది. అక్కడ బరువు పెరుగుతందన్నారు కదండీ, భయం పోయిందనుకున్నాను. మొదటి నెలే చెప్పుంటే నేనే చెప్పేదాన్ని కదండీ."

పప్పన్నంలో ముల్లు! పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని దాన్ని, నాకెలా తడుతుంది? అలా అనుకుని తప్పించుకుందామని చూశాను గానీ కుదరలేదు. తెలిసిన మనిషి వారం వారం నా చెవిలోనే ఉంది. ఆమెని అడగకుండా నా నోరు మూయించింది నా కొసరే.

మర్నాడు పిల్ల ముందు కూర్చుని, ముద్ద పిసికి, అరచెయ్యి చాపి, "ముల్లు లేదమ్మా" అన్నాను. పిల్ల నా చేతిని వేలు వేలూ చూసి, నోరు తెరిచింది. ఆ కంచం ఖాళీ అయ్యాక వంటగదిలోకి వెళ్లి ఏడ్చాను.

ఆ తర్వాత శుక్రవారాలు నా ఫోన్ మోగలేదు. ఆయా ఫోన్ మోగింది. బరువు ఆయా చదివి చెప్పేది.

రెండు నెలలకి ఆమె సెలవు మీద వచ్చింది. సెంటర్లోకి వస్తూనే పిల్లని తానే మిషన్ ఎక్కించి, వంగి, అంకె తానే చూసుకుంది. పదమూడు కిలోల ఆరొందలు. పిల్లని దింపి, నాతో మెల్లగా చెప్పింది. "మీ మీద కోపం లేదండి. నా బిడ్డకి మీ చేత్తో తినిపించారు. కానీ అంత దూరంలో ఉన్నదానికి మాటొక్కటే కదండీ ఆధారం. మీ మాట మీద నేనింక ఉండలేను. దీన్ని ద్రాక్షారామం దగ్గర మా అక్క ఇంట్లో దింపి వెళ్తాను."

పిల్ల చెప్పులు తెచ్చి తొడిగాను. పిల్ల గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, నాకు అరచెయ్యి చాపి చూపించింది. టాటా చెప్పిందో, ఇంకేం చెప్పిందో.

ఇప్పటికీ ఇంట్లో పప్పన్నం కలుపుకుంటే నా వేళ్లు వాటంతటవే ముద్దని పిసికి ముల్లు వెతుకుతాయి. శుక్రవారమైతే ఫోన్ పక్కన పెట్టుకునే కూర్చుంటాను. తిన్నారా అని ఎవరూ అడగరు. తినే లేస్తాను.