దేవదానం గారి చింతపిక్కలు

దేవదానం గారు ఎవరెదురైనా "బాగున్నారా?" అనేవారు కాదు. "ఇవాళ ఎన్నిసార్లండీ?" అనేవారు. అడుగుతున్నది విరేచనాల లెక్క. అదీ వీధి మొత్తానికీ వినబడేలా.

ఆ గొంతు ఊరికే రాలేదు. ఆయన తెనాలి ఆసుపత్రిలో కాంపౌండరు. పెద్దపేగులో పుళ్ళు పడి, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జబ్బు ఒకటుంది. అది ఉన్నవాళ్ళ ఇళ్ళకి సైకిలు మీద తిరిగి కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. ఆయనిచ్చిన మాత్రలు మింగే ఇళ్ళే, కులం తక్కువని ఆయన్ని గేటు దాటనిచ్చేవి కావు. రోడ్డు మీద నిలబడి అరవక ఏం చేస్తారు? ఇరవయ్యేళ్ళలో ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆసుపత్రిలో చీటీలు రాసే నాకు మాత్రం ఒళ్ళు మండేది.

బాపట్లలో ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో పాస్టరు గారిని పట్టుకునేవారు. "అయ్యగారూ, ఎన్నిసార్లండీ?" "ఒక్కసారే నాయనా," అని ఆయన తలొంచుకుని చెప్పి తప్పుకునేవారు. రేపల్లె రైల్లో టిక్కెట్ల ఆయనైతే అడక్కముందే, "నాకు రెండండీ! టిక్కెట్టు తియ్యండి," అనేవాడు.

జబ్బున్నవాళ్ళు మాత్రం సిగ్గుతో లెక్క తగ్గించి చెప్పేవారు. అందుకని ఇంటింటికీ ఖాళీ పౌడరు డబ్బా పంచారు. వెళ్ళొచ్చినప్పుడల్లా అందులో ఒక చింతపిక్క వెయ్యాలి, రాత్రికి లెక్కపెట్టి ఖాళీ చెయ్యాలి. నెత్తురు పడితే పిక్క బదులు ఎర్రటి గురివింద గింజ. రోజుకి ఆరు దాటి, వాటిలో ఎర్రవి ఉండి, నాడి తొంభై దాటినా జ్వరం తగిలినా ఆసుపత్రికి రావాల్సిందే. దూరం వాళ్ళు కార్డు రాయాలి.

"పిక్కలు నాలుగు, ఎర్రవి రెండు. నెమ్మదిగానే ఉంది," అని అడవులదీవి నుంచి కృపారావు రాసిన కార్డు పట్టుకుని పోస్ట్‌మాన్ వీరాస్వామి నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది, చేతబడా?"

అరవై ఎనిమిది వానాకాలంలో దేవదానం గారితో సంగం జాగర్లమూడి వెళ్ళాను. పెద్ద రైతు బ్రహ్మానందం గారి కోడలు వసుంధరకి ఈ జబ్బు. ఆ అమ్మాయి అరుగు మీద స్తంభానికి ఆనుకుని ఉంది. మొహంలో రక్తం లేదు.

"వసుంధరమ్మా, ఎన్నిసార్లు?" గేటు బయట్నుంచి కేక.

"రెండేనండి, బాబాయిగారూ."

అత్తగారు రాఘవమ్మ డబ్బా ఎత్తి చూపించింది. "ఇదిగోనయ్యా, రెండే పిక్కలు. ఊరికే బెంబేలెత్తించకు."

దేవదానం గారి చూపు అరుగు మీది వామనగుంటల పీట మీద పడింది. గుంటల నిండా పిక్కలు. మధ్య మధ్య ఎర్రగా గురివిందలు.

"ఆ గింజలెక్కడివమ్మా?"

"ఆ డబ్బాలోవే!" అంది రాఘవమ్మ. "ఇందాక ఆటకి చాలకపోతే తీశాను. ఊరికే పడున్నాయిగా!"

"ఎన్ని తీశారు?"

"పిక్కలు మూడు. ఎర్రవి ఆరు."

సైకిలు ధడాలున కిందపడింది. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఆయన గేటు దాటారు. వసుంధర చెయ్యి పట్టుకుని గడియారం చూశారు. "నాడి నూట పదహారు! ఒళ్ళు కాలిపోతోంది. బండి కట్టండి!"

బ్రహ్మానందం గారు గేటు కేసి చూశారు, కోడలి కేసి చూశారు. తనే ఎడ్ల దగ్గరికి పరిగెత్తారు.

మూడు వారాలకి వసుంధర కోలుకుంది. అప్పుడడిగాను దేవదానం గారిని: "జబ్బున్నవాళ్ళని అడిగారు, సరే. పాస్టరు గారినీ, టిక్కెట్ల ఆయన్నీ ఎందుకండీ?"

"ఆ పిల్లనొక్కదాన్నే అడిగితే ఊరంతా ఆ పిల్ల కేసే చూస్తుంది గదండీ. అందర్నీ అడిగితే ఎవరికీ సిగ్గుండదు."

ఆయన మళ్ళీ జాగర్లమూడి వెళ్ళేసరికి గేటు బార్లా తీసి ఉంది. వసుంధర అరుగు మీద కుర్చీ వేసింది. ఆయన తీరిగ్గా కూర్చుని, ఇంటి యజమాని వైపు తిరిగి, అలవాటైన గొంతుతోనే అడిగారు: "తమరెన్నిసార్లండీ?"

"ఒక్కసారే!" బ్రహ్మానందం గారి జవాబు కాలవ అవతలికి వినబడింది.

మీ ఇంట్లోనూ కడుపు పట్టుకుని "బాగానే ఉంది" అనేవాళ్ళుంటారు. అడగండి, లెక్క దాచకుండా డాక్టరుకి చెప్పండి. అడగడానికి వచ్చే మనిషికి ముందు గేటు తియ్యండి, కుర్చీ వెయ్యండి. వామనగుంటలకి పిక్కలు వేరే చూసుకోండి.