అటకెక్కిన లైనింగు గుడ్డ

కొత్తపేటలో మా ఇంటి ముందుగదిలో మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. ఒకరోజు పొద్దున్నే, కుట్టి ఉంచిన పట్టు జాకెట్టు తీసి చూస్తే వీపు మధ్యలో ఇంత చిల్లు! కింద లైనింగు గుడ్డ పీలికలు. తలెత్తితే, ఒక ఉడత పీలికను నోట కరుచుకుని అటకెక్కిపోతోంది.

ఆ జాకెట్టు పక్కవీధి టీచరుగారిది. ఆదివారం చర్చిలో ఆవిడ చెల్లెలి పెళ్లి. నేనైతే ఏదో సాకు వెతికేవాణ్ణి. మా ఆవిడ వెంటనే ఫోన్ చేసి పిలిపించింది.

"ఉడత కొరికేసిందండి. మూటకట్టకుండా వదిలేసేను, తప్పు నాదే. మీరు సరేనంటే చిల్లు చుట్టూ కత్తిరించి, వెనక కిటికీ మోడల్ చేసిస్తాను. వద్దంటే కొత్త గుడ్డ తెచ్చి కుడతానండి."

టీచరుగారు చిల్లులో వేలు పెట్టి చూసి నవ్వేశారు. "ఆయ్, కిటికీయే పెట్టెయ్యండి. మీ ఉడతకి ఫ్యాషన్ బాగా తెలుసండీ!"

ఆవిడ వెళ్లగానే నేను ఎలుకల మందు తెస్తానని చెప్పులు వేసుకున్నాను. మా ఆవిడ అప్పటికే స్టూలెక్కి అటకమీదికి టార్చి వేసి చూస్తోంది. చప్పుడు చెయ్యొద్దని సైగ చేసి నన్ను పిలిచింది. కొబ్బరిపీచూ మా లైనింగు ముక్కలూ కలిపి కట్టిన గూట్లో కళ్లు తెరవని పిల్లలు!

"మందు పెడితే తల్లి పోతుంది, ఇవి ఆకలికి పోతాయి. కాస్త పెద్దవయ్యేదాకా ఆగుదామండి."

ఆగాం. ఈలోగా బట్టలన్నీ ఇనుప బీరువాలోకి మార్చింది. కుట్టుమిషను మోటారు వైర్లకి గట్టి గొట్టాలు తొడిగించింది. పిల్లలు తల్లి వెనకే ప్రహరీగోడమీద పరుగులు పెట్టడం మొదలయ్యాక, అన్నీ బయట ఉన్న వేళ చూసి, గూడు ఖాళీయేనని మరోసారి టార్చి వేసి చూసుకుంది. అప్పుడు గూడు తీయించి, అవి వచ్చిపోయే వెంటిలేటరుకి సన్నకన్నుల ఇనుప జాలీ బిగించమంది. చూరుకి ఆనుకున్న జామకొమ్మ కూడా కొట్టించింది.

సాయంత్రం తల్లి ఉడత కొబ్బరిచెట్టు మీదినుంచి చూరుమీదికి దూకి వచ్చింది. జాలీని గోకింది, కొరికి చూసింది. పళ్లు దిగలేదు. తోక ఎగరేసి కాసేపు మమ్మల్ని తిట్టి, మళ్లీ చెట్టెక్కిపోయింది.

"గట్టిగానే బిగించేరండి," అంది మా ఆవిడ మెచ్చుకోలుగా.

ఆలోచనంతా తనది. నేను మరలు తిప్పానంతే.