గంజి దారం పడవ

మా బావమరిది ఇంట్లో పిల్లలు ఈమధ్య ఒక కథ చెప్పుకుంటున్నారు. కాలువ లాకు దగ్గర ఆగిపోయిన వాళ్ల నాన్న రేకు బొమ్మ పడవ తనంతట తానే తిరిగి ఒడ్డుకు వచ్చిందట. అది అబద్ధం. దాన్ని తెచ్చింది నా పడవ. చూసినవాళ్లలో కొందరు పోయారు, ఉన్నవాళ్లు మా బావమరిది ముందు నోరు విప్పరు. అందుకే నేను రాయక తప్పడం లేదు.

అప్పట్లో మాకు ధవళేశ్వరంలో బట్టల కొట్టు ఉండేది. చిన్నప్పుడే బడి మాని కొట్టెక్కినవాణ్ణి. నా చదువంతా రాజమండ్రి రీడింగు రూములోదే. అక్కడి ఇంగ్లీషు పత్రికలో, దూరం నుంచి దారాలతో నడిపే బొమ్మ పడవ గురించి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చుక్కానికి రెండు వైపులా రెండు దారాలు. ఒడ్డున నిలబడి ఏ దారం లాగితే పడవ ఆ వైపు తిరుగుతుంది. బూరుగు చెక్కతో పడవ చెక్కి, కొట్టులో మిగిలిన మల్లు గుడ్డ తెరచాపగా కట్టాను. సాయంత్రం, కాలువలో పడవలను ఎక్కించి దించే లాకుకు ఎగువన నిలిచిన నీటిలో వదిలితే, చెప్పినట్టు వినేది. నలుగురూ ఆగి చూసేవారు. మా ఆవిడ కూడా నీళ్ల బిందె గట్టు మీద పెట్టి చూసేది.

అంతలో మా బావమరిది మద్రాసు నుంచి తాళం చెవి తిప్పితే నడిచే రేకు పడవ తెప్పించాడు. ఎర్రరంగు, పొగగొట్టం, గరగర చప్పుడు. చుక్కాని కాస్త వంచి వదిలితే చుట్టు తిరిగి అతని చేతిలోకే వచ్చేది.

"ఏంటి బావగారూ, మీ పడవకి పగ్గాలు కట్టారు? పాలు గానీ ఇస్తుందేంటండీ?" అన్నాడు.

గట్టంతా నవ్వింది. మా ఆవిడ నవ్వే అందరికంటే గట్టిగా వినిపించింది. "మా తమ్ముడిది చూడండి, ఎంత ముద్దుగా ఉందో" అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. నా పడవను మా ఆవిడ ఒక్కసారైనా ముద్దుగా ఉందని అనలేదు.

నా దారాలు తడిస్తే మెలిపడేవి. బట్టలవాళ్లం కదా, మరునాడు వాటికి చిక్కటి గంజి పెట్టి ఆరవేశాను. కర్రల్లా నిలిచాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ సాయంత్రం రేకు పడవ నడి కాలువలో చప్పుడు ఆగి నిలిచిపోయింది. సరిగ్గా అప్పుడే పైకి ఎక్కించాల్సిన ధాన్యం పడవ ఒకటి కింద నుంచి లాకులోకి వచ్చింది. "తూములు ఎత్తుతున్నానండోయ్!" అని లాకు కాపలాదారు కేకేశాడు. తూములు ఎత్తితే పైనీళ్లు లాకులోకి ఉరుకుతాయి, వాటితో పాటు రేకు పడవ కూడా పోతుంది. మా బావమరిది మొహం వెలవెలబోయింది.

"ఒక్క క్షణం ఆగండి" అని నా పడవ వదిలాను. ఇక మా ఆవిడ ఎవరి పడవను మెచ్చుకుంటుందో చూద్దామనుకున్నాను. రేకు పడవ దగ్గరికి పోవాలని ఎడమ దారం లాగితే, నా పడవ కుడికి తిరిగింది. మళ్లీ లాగాను. అది రేకు పడవను దాటిపోయి, దాని చుట్టూ తిరిగింది. దారం పొగగొట్టానికి చుట్టుకుంది. రెండు పడవలనూ కలిపి ఒడ్డుకు లాగాను. కుడి దారం పొడవునా చిన్న చేపలు గుంపుగా కరుచుకుని వస్తున్నాయి.

"పొద్దున చిక్కటి గంజంతా ఏమైపోయిందా అనుకున్నాను" అంది మా ఆవిడ. "ఇంతకీ తమ్ముడి పడవని మీరు లాక్కొచ్చారా, చేపలు లాక్కొచ్చాయాండీ?"

గట్టు మళ్లీ నవ్వింది. రేకు పడవను తన పైట చెంగుతో తుడిచి తమ్ముడి చేతికిచ్చింది. అతను తాళం తిప్పాడు. అందరి కళ్లూ మళ్లీ దానివైపే. నా పడవ గట్టు మీద బోర్లా పడి ఉంది. దాన్ని నేనే తుడుచుకున్నాను.

పేర్లు రాయను గానీ, నాకు సాయపడినవారికి దండం పెట్టాలి. పత్రికలు ఇంటికి ఇవ్వకపోయినా దీపం పెట్టేదాకా కూర్చోనిచ్చిన రీడింగు రూము గుమాస్తా గారికి, తూములు ఎత్తకుండా ఆగిన లాకు కాపలాదారుకి, బూరుగు చెక్క ఇచ్చిన వడ్రంగికి, గంజి వార్చిన మా ఆవిడకి. మా బావమరిదికి కూడా కృతజ్ఞత చెప్పమని ఆవిడ పక్కన కూర్చుని పోరుతోంది. ముందు ఆ కథ మార్చుకోమనండి, చెబుతాను.