తలుపు వెనక జేబులు

ఎదురింటి పిన్నిగారి చేతికి కత్తెర అందిందంటే పాతబట్టలకు మళ్లీ ఉద్యోగం దొరికినట్టే. చిరిగిన చొక్కాల జేబులన్నీ విప్పి, పాత దుప్పటి మీద వరసలుగా కుట్టి, తలుపు వెనక వేలాడదీశారు. తాళాలు, దువ్వెన, మందుబిళ్లలు, దేని జేబు దానిదే. బాబాయిగారి కళ్లజోడు మాత్రం ఏ జేబులోకీ చేరదు. దానికోసం రోజూ ఇల్లంతా తిరగేయాల్సిందే. ఓ ఉదయం ఆయన తనకిష్టమైన నీలం చొక్కా హడావుడిగా తొడుక్కుని కళ్లజోడు జేబులో వేయబోతే, అది జారి కాళ్ల దగ్గర పడింది.

"ఏమే, నా జేబేదీ?"

పిన్నిగారు నాలుక్కరుచుకున్నారు. "అయ్యో, పాతవాటిల్లో కలిసిపోయినట్టుందండీ. తలుపు వెనక చూడండి, రెండో వరస."

ఆయన ముందు ఉరిమి చూశారు, తర్వాత పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి కళ్లజోడు ఒక్కసారీ కనబడకుండా పోలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, "నా జేబులో నేను పెట్టుకోనా ఏంటి?" అంటారు.