మా తోటికోడలి కేసు

మొన్న శుక్రవారం మా తోటికోడలి కూతురు సెలవులకని దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని మా ఫ్లాటుకు వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చేతికి బీపీ పట్టీ చుట్టింది. "కొంచెం ఎక్కువుంది పిన్నీ, ఉప్పు తగ్గించు" అంది. పెరిగింది ఉప్పువల్ల కాదని నాకు తెలుసు. మెడికల్ కాలేజీలో చివరి ఏడాదికి వచ్చిన ఆ పిల్లను చూసినప్పుడల్లా, దాని సీటుకోసం వాళ్ళమ్మ కోర్టుకెక్కిన కరోనా రోజులు గుర్తొస్తాయి. వాటితోపాటే నా అసూయా లేచి కూర్చుంటుంది.

నేనూ అక్కా గోదావరి పక్క ఒకే ఇంటి కోడళ్ళం. మా ఆయనకు జెబెల్ అలీలో ఫ్యాక్టరీ పని. అక్క బర్ దుబాయ్‌లో ఉంటూ ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. ఆవిడ పెట్టిన చేపల పులుసును మెచ్చుకున్నట్టు మా అత్తగారు నా పులుసును ఏనాడూ మెచ్చుకోలేదు, అది వేరే సంగతి. మా పెద్దదీ అక్క కూతురూ ఇక్కడి బడిలో పక్కపక్కనే కూర్చుని చదివి, ఒకే ఏడు మెడిసిన్ పరీక్ష రాశారు. ఇద్దరికీ మంచి ర్యాంకులే. మాదానిదే కాస్త మెరుగు; ఆ మాట ఇప్పటికీ చెప్పకుండా ఉండలేను. తీరా మన రాష్ట్రంలో సీటుకు దరఖాస్తు పెడితే, దుబాయ్‌లో చదివారు కాబట్టి పిల్లలిద్దరూ స్థానికులు కారన్నారు యూనివర్సిటీవాళ్ళు. బయటివాళ్ళ వరసలోకి నెట్టేశారు. అక్కడ ఉన్నవి గుప్పెడు సీట్లు. ఇక్కడ ఎన్నాళ్ళున్నా పరాయివాళ్ళమే, అక్కడా పరాయివాళ్ళయితే వీళ్ళు ఏ ఊరి పిల్లలని మా ఆయన కంచం ముందు కూర్చుని అడిగారు. 

అక్క హైకోర్టులో కేసు వేస్తానంది, మమ్మల్నీ కలవమంది. మా పెద్దదే ఒప్పుకోలేదు. తీర్పుకోసం చూస్తూ ఏడాది పోగొట్టుకోనని, షార్జాలో ల్యాబు కోర్సులో చేరిపోయింది. తెలివైన పని చేసిందని నేనే అందరికీ చెప్పుకు తిరిగాను. కరోనా కదా, వాదనలన్నీ వీడియోలోనే. అక్క ఆ అరబ్బుల వంటింట్లో బియ్యం డబ్బాకు ఫోను ఆనించి వినేది. తాను ఎవరికీ కనబడకపోయినా, జడ్జిగారు తెరమీదికి రాగానే కొంగు తలమీదికి లాక్కునేది. వాయిదా పడ్డప్పుడల్లా ఇంటావిడ తొంగిచూసి "ఖలాస్?" అని, అయిపోయిందా అన్నట్టు అడగడం, అక్క "బుక్రా, మామా", రేపమ్మా అని ఉల్లిపాయలు తరగడం. ఆ రేపు నెలల తరబడి రాలేదు.

చివరికి వచ్చింది. పిల్ల ఊరు దాటింది తన ఇష్టంతో కాదు, పొట్టకూటికి వెళ్ళిన తల్లిదండ్రుల వెంట. సొంతగడ్డ మీద దాన్ని వేరే వరసలో నిలబెట్టడం న్యాయం కాదని తీర్పు. మా ఆయన "వదిన మొనగత్తె" అని ఆ పూట ఎన్నిసార్లన్నారో! ఇరవయ్యేళ్ళ కాపురంలో నన్ను ఆ మాట అనగా వినలేదు. మొహానికి నవ్వు పులుముకుని, లడ్డూల పెట్టెతో మెట్రో ఎక్కి అక్క ఇంటికి వెళ్ళాను. గదినిండా మనవాళ్ళే. అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "మన పెద్దది కూడా ఉండుంటే బావుండేదే చెల్లీ. సగమే గెలిచినట్టుంది నాకు" అంది. గొప్పలు పోయినా భరించేదాన్ని. ఆ మంచితనాన్ని మాత్రం భరించలేకపోయాను.

ఇంటికొచ్చి గిన్నెలు ధడధడలాడిస్తుంటే మా పెద్దది వంటింట్లోకి వచ్చింది. "సీటు పోయింది నాకు కదమ్మా, నువ్వెందుకు ఓడిపోయినట్టున్నావు?" అంది. ఆ వెంటనే అక్క కూతురికి ఫోన్ చేసి, హాస్టలుకు ఏమేం సర్దుకోవాలో చెబుతూ గంటసేపు నవ్వింది.

ఆ తీర్పు తర్వాత మాలాంటివాళ్ళ పిల్లలందరినీ స్థానికుల్లోనే చేర్చుకున్నారు. మా చిన్నది ఏ అడ్డూ లేకుండా అదే కాలేజీలో చేరింది. అదంతా అక్క చలవేనని మావాళ్ళంటారు, నేనూ అంటాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఆవిడ పట్ల కృతజ్ఞత అలవాటుగా మారిపోయింది. అసూయ మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉంది.