ఏమన్న అమ్మినవా అక్కా?

నిన్న పొద్దున యాదగిరి నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

నెల మధ్యలో ఎప్పుడూ చేయడు. "ఏం తమ్ముడూ, ఇరవయ్యో తారీఖు ఇంకా రాలేదుగా, అప్పుడే గుర్తొచ్చానా?" అన్నాను నవ్వుతూ.

అటువైపు వాళ్లావిడ సునీత.

"అక్కా, ఆయన లేడక్కా" అంది.

ఎక్కడికి వెళ్లాడని అడిగాను. నిజంగానే అర్థం కాలేదు నాకు.

గుండెపోటట. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట. ఇంకా యాభై కూడా నిండలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. యాదగిరి సూర్యాపేటలో ట్యాక్స్ కన్సల్టెంట్. ఇటు మా కోదాడ, అటు మిర్యాలగూడ దాకా చిన్న చిన్న దుకాణాల జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పనులు చేసేవాడు. సునీత కూడా ఆఫీసులో కంప్యూటర్ పని చూసేది. మా స్టేషనరీ షాపు పెట్టినప్పటి నుంచీ మా పనులు వాళ్లవే. చుట్టం కాదు. అక్కా అని పిలిచాడు, తమ్ముడయ్యాడు.

మాకు పిల్లలు లేరు. మా ఆయన పోయాక షాపు ఒక్కదాన్నే నడిపాను. మోకాళ్లు మొరాయించాక ఖాళీ చేసేశాను.

షాపు మూసినా జీఎస్టీ నంబర్ ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా ఇరవయ్యో తారీఖుకల్లా రిటర్న్ వేయాలట. ఏమీ అమ్మకపోతే ఏమీ అమ్మలేదని కూడా చెప్పాలి. దాన్ని నిల్ రిటర్న్ అంటారు.

"క్యాన్సిల్ చేయించుకో అక్కా, లేకుంటే ఫైన్లు పడ్తయి" అన్నాడు.

"నీకు వీలైనప్పుడు చేసెయ్యి నాయనా" అని ఆ గొడవంతా అతనికే వదిలేశాను. ఓటీపీలు ఎలాగూ అతని ఫోన్‌కే వెళ్తాయి. మా వైపు అందరిదీ అదే పద్ధతి. రిజిస్ట్రేషన్ అప్పుడు ఫోన్ నంబర్ ఎవరిది ఇద్దామంటే, "నీదే వేసుకో, మాకేం తెలుస్తుంది" అంటాం.

ఆ తర్వాత కూడా నెలనెలా ఫోన్ వస్తూనే ఉంది.

"ఏమన్న అమ్మినవా అక్కా?"

"నా బొంద అమ్ముతాను. షాపే లేదు కదయ్యా."

"అయితే నిల్."

ఆ తర్వాతే అసలు కబుర్లు. బీపీ గోలీ వేసుకున్నవా. ఎఫ్‌డీ వడ్డీ మీద ట్యాక్స్ కోయకుండా బ్యాంకులో ఫారం ఇచ్చినవా. పాన్‌కు ఆధార్ లింక్ అయిందా. వెనకాల కండక్టర్ "మిర్యాలగూడ, మిర్యాలగూడ" అని అరుస్తుంటే, బస్సు ఎక్కుతూ కూడా చెప్పేవాడు. ఫీజు మాటెత్తితే ఆవకాయ పంపమనేవాడు.

ఒకసారి తెగ సంబరపడిపోతూ ఫోన్ చేశాడు. "అక్కా, నోటుబుక్కులు, పెన్సిళ్ల మీద జీఎస్టీ తీసేసిండ్రు!"

"నేను షాపు మూసేదాకా ఆగి తీశారా? ఇప్పుడు కొనుక్కుని కూర్చుని రాసుకుంటాలే" అన్నాను.

ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఇన్నాళ్లైనా నంబర్ ఎందుకు క్యాన్సిల్ చేయలేదని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చేసేస్తాడేమోనని భయం. అది పోతే ఫోనూ ఆగిపోతుంది. మిగతా రోజుల్లో నాకొచ్చే ఫోన్లన్నీ లోన్ కావాలా మేడమ్ అనేవాళ్లవే.

నిన్న వెంటనే బస్సెక్కి సూర్యాపేట వెళ్లాను.

అతన్ని ఇంటి ముందు పడుకోబెట్టారు. ఫోన్ మాత్రం ఆగకుండా మోగుతోంది.

మోతె నుంచి ఎరువుల షాపాయన వచ్చాడు. దండ వేసి, దణ్ణం పెట్టి, సునీత పక్కకు వంగి మెల్లగా అడిగాడు. "చెల్లె, ఏమనుకోకు. జర ఆ ఫోన్ల ఓటీపీ వచ్చిందేమో సూడవా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన్నే లేపి అడగకపోయారా?" అనేశాను.

పాపం, అంత మనిషీ ఏడ్చేశాడు. "నాకు ఇంకెవరు తెల్వదమ్మా. అన్నీ ఆయనే సూసుకునేటోడు" అన్నాడు.

నాకూ అంతే కదా.

అంతా అయ్యాక సునీత పక్కన కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి అడిగి ఆమెను విసిగించారు, నేనైనా కాస్త బరువు తగ్గిద్దామనుకున్నాను.

"నా నిల్ గురించి కంగారు పడకమ్మా. ఎప్పుడు వేసినా పర్లేదు, ఫైన్ పడితే నేను కట్టుకుంటాను" అన్నాను.

సునీత నా మొహంలోకి చూసింది.

"నీదేడున్నదక్కా? దుకాణం తీసేసినప్పుడే క్యాన్సిల్ అయింది. ఆఖరి రిటర్న్ నేనే వేసిన."

"మరి నెలనెలా ఆ ఫోన్?"

"నేను గూడ అడిగిన. అక్క ఒక్కతే ఉంటది, ఎవరన్న ఒకరు అడగాలె గద అన్నడు."



వేయాల్సింది ఏమీ లేకుండానే ఇన్నాళ్లూ అతను అడిగాడు. నేను జవాబు చెప్పాను. నా గుట్టు నా దగ్గరే ఉందనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఒంటరితనం సంగతి మా ఆయన పోయినప్పుడే పూర్తిగా తెలిసిపోయిందనుకున్నాను. కాదు, ఇంకా మిగిలి ఉంది. ఈ రోజు పొద్దున్నుంచీ టీవీ పెట్టి ఉంచాను. ఒక్క ముక్క చెవికెక్కలేదు.

నిన్న బయల్దేరేటప్పుడు సునీత నా చెయ్యి వదల్లేదు. కర్మలయ్యాక కూతురు హాస్టల్‌కు వెళ్లిపోతే ఆ ఇంట్లో ఇక ఆమె ఒక్కతే.

రేపు నేను ఆమెకు ఫోన్ చేస్తాను. చేసి ఏం మాట్లాడాలో తెలియదు. అయినా చేస్తాను.

యాదగిరీ, మా అందరి లెక్కలూ నీ నెత్తి మీద నుంచి దిగిపోయాయి. ఇకనైనా నీకు విశ్రాంతి దొరకాలి తమ్ముడూ.